ఆర్కిడ్ ఆకులు వాడిపోతున్నాయా? నీళ్లు పోసే ముందు వేళ్లు చూడండి

మా ఇంటికి ఈ మొక్క గృహప్రవేశం కానుకగా వచ్చింది. తెల్లటి పూలు, రెండున్నర నెలలు వాడకుండా నిలిచాయి. అవి రాలాక కాడ ఎండింది, మొక్క బాల్కనీ మూలకు చేరింది. మా అత్తయ్య తులసికోటకి నీళ్లు పోశాక చెంబులో మిగిలినవి రోజూ దీనికీ పోసేవారు. ఏడాది తిరిగేసరికి ఆకులు మెత్తబడి, ముడతలు పడి, కుండీ అంచు మీదికి వాలిపోయాయి. "దాహమేస్తోందేమోనే, ఇంకాస్త పొయ్యి" అన్నారు అత్తయ్య. ఏ మొక్క వాడినా మనకు ముందు తోచేది అదే. ఈ మొక్కను చంపుతున్నది ఆ నీళ్లేనని వేళ్లు చూశాకే తెలిసింది.

నర్సరీల్లో, పూల దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఈ రకం పేరు ఫాలనాప్సిస్. ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది. బదనికలా చెట్టు రసం పీల్చదు, కొమ్మ మీద చోటు మాత్రమే తీసుకుంటుంది. దాని వేళ్లు గాలిలో వేలాడుతూ వానకు తడుస్తాయి, కాసేపటికి ఆరిపోతాయి. వేరు చుట్టూ స్పాంజి లాంటి పొర ఉంటుంది. ఆరినప్పుడు అది వెండిరంగులో, తడిసినప్పుడు ఆకుపచ్చగా కనిపిస్తుంది. అలాంటి వేరును రోజుల తరబడి తడిలో ఉంచితే గాలి ఆడక కుళ్లుతుంది.

ఆకులు మెత్తబడి ముడతలు పడ్డాయి

దీనికి కారణాలు రెండు, ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. నీళ్లు చాలకపోయినా ఆకు ముడుచుకుంటుంది, నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా ముడుచుకుంటుంది. నీటిని ఆకుకు చేర్చాల్సింది వేరే కదా, అది పోయాక ఎన్ని నీళ్లు పోసినా ఆకు ఎండుతూనే ఉంటుంది. ఆకును చూసి తేడా చెప్పలేం. మొక్కను కుండీలోంచి తీసి చూడాల్సిందే.

వేళ్లు వెండిరంగులో ఉండి, వేలితో నొక్కితే గట్టిగా తగిలితే కరువు నీళ్లదే. కుండీని పావుగంట నీళ్ల బకెట్లో ఉంచి, తీసి పూర్తిగా ఓడ్చేయండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే మొక్క కోలుకోవడం మొదలవుతుంది. బాగా ముడతపడిన పాత ఆకు పూర్తిగా సాగకపోవచ్చు, కొత్త ఆకు ఎలా వస్తుందో చూడండి.

వేళ్లు గోధుమరంగుకో నలుపుకో తిరిగి, నొక్కితే చితికిపోతే అది కుళ్లు. మా మొక్కను లాగగానే మురుగు వాసన వచ్చింది. ఒక వేరును రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పై పొర తొడుగులా ఊడొచ్చింది, లోపల సన్నటి దారం మిగిలింది. మొక్క మొదలు చుట్టూ పిడికెడు నాచు ఉండ, పిండితే నీళ్లు కారుతోంది. నర్సరీలో చిన్న మొక్కను పెంచేటప్పుడు పెట్టే స్ఫాగ్నమ్ నాచు అది. పైన బెరడు ముక్కలు ఆరినట్టే కనిపిస్తాయి, నడిమధ్యలో ఈ ఉండ మాత్రం వారాల తరబడి తడిగానే ఉంటుంది. కొన్న ఆర్కిడ్ పూలు రాలగానే ఒకసారి తీసి ఈ ఉండ ఉందో లేదో చూడమని అందరికీ చెబుతున్నాను.

కుండీ మార్చడం

పాత ముక్కలన్నీ దులిపేసి, వేళ్లను గోరువెచ్చని నీళ్లతో కడగండి. కత్తెరను సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడిన వేళ్లన్నీ గట్టి భాగం వరకు కత్తిరించండి. ఇక్కడ జాలిపడకండి, కుళ్లు కొంచెం మిగిలినా పైకి పాకుతుంది. గట్టిగా ఉన్న వేరు మాత్రం ఎంత వంకరగా ఉన్నా ఉంచండి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దవచ్చు. అది గాయాన్ని ఆరబెడుతుంది కాబట్టి మంచి వేరు మీద పడనివ్వకండి. మొక్క బలహీనంగా ఉంటే పూల కాడను కూడా కోసేయండి. తర్వాత ఒక పూటంతా నీడలో ఆరనివ్వండి.

కుండీలోకి మట్టి అసలు వద్దు. కోకోపీట్ పొడీ వద్దు, అది కూడా మట్టిలాగే నీళ్లు పట్టి ఉంచుతుంది. నేను వాడేది రేగిపండంత కట్టెబొగ్గు ముక్కలు రెండు వంతులు, ఎండు కొబ్బరి డొక్క ముక్కలు ఒక వంతు. బొగ్గులు మా వీధి ఇస్త్రీ బండి దగ్గరే దొరికాయి. కొబ్బరి ముక్కలను మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. మొదటి రోజు నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, ఆ వగరూ ఉప్పూ పోవాలి. తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కొబ్బరి ఇంకా తగ్గించి, పగిలిన మట్టికుండ పెంకు ముక్కలు కలపండి. కొబ్బరి రెండేళ్లలో చివికిపోతుంది, అప్పుడు మళ్లీ మార్చాలి.

కుండీ ఎంత ఉండాలన్నది మిగిలిన వేళ్లను బట్టి. మా మొక్కకి మిగిలింది మూడే వేళ్లు, అందుకే 4 అంగుళాల కుండీ సరిపోయింది. పెద్ద కుండీలో నడుమ తడి ఆరదు. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయితే వేళ్ల రంగు బయటినుంచే తెలుస్తుంది. అడుగునే కాక పక్కల్లోనూ రంధ్రాలు చేయండి. ఆకుల మొదలు ముక్కల పైనే ఉండాలి, పూడ్చకూడదు. వేళ్లు తక్కువగా ఉన్న మొక్క ఊగుతుంది, ఊగితే కొత్త వేరు కొస రాసుకుని చస్తుంది. పుల్ల గుచ్చి దారంతో కట్టండి.

మూడు రోజులు నీళ్లు పోయకండి. తర్వాత వేళ్లు వెండిరంగుకు తిరిగినప్పుడే పోయండి. వెలుతురు ఉండి ఎండ పడని చోటు కావాలి, తూర్పు కిటికీ మేలు. కొత్త వేరు వచ్చేదాకా ఎరువు వద్దు. మా మొక్కకి ఆకుపచ్చ కొస కనిపించడానికి ఏడు వారాలు పట్టింది.

వేళ్లు ఒక్కటీ మిగలకపోతే, కొద్దిగా తడి చేసి గట్టిగా పిండిన నాచు మీద మొక్కను నిలబెట్టి, పైన పలుచటి ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పండి. గాలిలో తేమ ఉంటే ఆకులు త్వరగా ఎండవు. రోజూ కాసేపు కవరు తీసి గాలి తగలనివ్వాలి. ఇది నెలల పని, అన్నిసార్లూ బతకవు.

మొవ్వు నల్లబడింది

నడిమి ఆకు పట్టుకోగానే ఊడొస్తే మొవ్వు కుళ్లినట్టు. తలమీద నీళ్లు పోసినప్పుడు ఆకుల మధ్య నిలిచిపోవడం వల్ల వస్తుంది. ఈ రకానికి ఎదిగే కొన ఒక్కటే, అది పోతే ఆ మొక్క ఇక పైకి పెరగదు. కుళ్లిన భాగం తీసేసి ఆరబెట్టి వదిలేస్తే కొన్నిసార్లు మొదట్లో పిలక వస్తుంది. నీళ్లు ఉదయం పూట పోసి, మొవ్వులో నిలిచిన చుక్కను టిష్యూ కాగితంతో అద్దేయడం ఒక్కటే దీనికి జాగ్రత్త.

ఆకుల మీద మచ్చలు, తెల్లటి పొర

ఎండ తగిలిన వైపు పాలిపోయి ఎండిన మచ్చ పడితే అది ఎండదెబ్బ, చోటు మార్చండి. అడుగు ఆకు ఒక్కటే పసుపై రాలితే అది వయసు, వదిలేయండి. ఆకు మొదట్లో దూదిలాంటివి కనిపిస్తే పిండినల్లి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, వారానికోసారి మళ్లీ చూడండి. ముక్కల మీద తెల్లగా పొర కడితే బోరునీళ్లలోని ఉప్పు అది. వాననీళ్లు పట్టి పోయండి, లేకుంటే ఆర్వో నీళ్లు.

బతికింది కానీ పూయడం లేదు

ఆకులు ముదురాకుపచ్చగా ఉండి పూత రాకపోతే వెలుతురు చాలడం లేదు. కొత్త వేళ్లు వచ్చాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19-19-19 ఎరువు లీటరు నీటికి అర గ్రాము చొప్పున రెండు వారాలకోసారి ఇవ్వొచ్చు. పూల కాడ రావడానికి రాత్రి చల్లదనం కూడా కావాలి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు చాలు, మొక్కను ఏసీ గదిలోంచి బాల్కనీ నీడలోకి మార్చండి.

మాకు రెండో చలికాలంలో ఆకు కింద ఒక మొలక కనిపిస్తే ఇంకో వేరు అనుకున్నాను. వేరు కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. దీని కొస చదునుగా, పక్కన చిన్న బొటనవేలు ఉన్నట్టుంది, పైకి తిరిగింది. అత్తయ్యను పిలిచి చూపించాను. అది పూల కాడే. అది కనిపించాక కుండీని అటూ ఇటూ తిప్పకండి, వెలుతురు కోసం మెలి తిరుగుతుంది. పక్కన మామిడిపండ్లు మగ్గబెట్టకండి, వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి.