మామూలు హెడ్‌ఫోన్స్‌లో సరౌండ్ సౌండ్: నాకు కుదిరిన సెట్టింగ్

నా కంప్యూటర్‌లో 5.1 ఆడియో (ముందు, పక్క, వెనక స్పీకర్ల కోసం ఆరు వేరువేరు ఛానెళ్లుగా ఉండే శబ్దం) ఉన్న సినిమా పెడితే వెనక నుంచి రావాల్సిన వాన చప్పుడు కూడా తల మధ్యలోనే వినిపించేది. హెడ్‌ఫోన్స్ మార్చే పని లేకుండానే ఇది సర్దుకుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి నా హెడ్‌ఫోన్స్ పేరు మీద నొక్కాను. కింద స్పేషియల్ సౌండ్ దగ్గర, శబ్దం చుట్టూ ఉన్నట్టు వినిపించే విండోస్ సోనిక్ ఫర్ హెడ్‌ఫోన్స్ ఎంచుకున్నాను. ఇది ఉచితం, వేరే ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

అయినా తేడా తెలియలేదు. అసలు కిటుకు సినిమా ఆడించే ప్లేయర్‌లో ఉంది. అది ఆరు ఛానెళ్లనూ ముందే రెండుగా కలిపేసి పంపుతోంది. ఇక విండోస్‌కి వెనక ఛానెల్ ఎక్కడిది? ప్లేయర్ ఆడియో సెట్టింగ్స్‌లో స్టీరియో తీసేసి 5.1 పెట్టాను. అంతే, వాన వెనక్కి వెళ్లింది! శబ్దం రెండు చెవులకూ చేరడంలో ఉండే సూక్ష్మమైన సమయ భేదాన్ని, చెవి డొప్ప వల్ల స్వరంలో వచ్చే మార్పును లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ మెదడుకి దిక్కు చూపిస్తుంది. ఎంత అందమైన పనో!

హెడ్‌సెట్‌తో వచ్చిన 7.1 (ఎనిమిది ఛానెళ్ల) సరౌండ్ సాఫ్ట్‌వేర్ ఉంటే అది, విండోస్ సోనిక్ రెండిట్లో ఒకటే ఆన్‌లో ఉంచండి. రెండూ కలిస్తే మాటలు ఖాళీ గదిలోంచి వచ్చినట్టు మోగుతాయి. పాటలకు మాత్రం నేను సోనిక్ ఆఫ్ చేసేస్తాను, స్టీరియోలోనే బాగుంటాయి.