థాంక్స్‌గివింగ్‌కి ఇంట్లో పెంచిన టర్కీ: ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అమెరికాలో ఊరి బయట ఎకరమో రెండెకరాలో కొనుక్కున్న మనవాళ్లు మొదట కోళ్లు పెంచుతారు. అవి బాగా వస్తే, నవంబర్ నాలుగో గురువారం టేబుల్ మీద పెట్టే టర్కీ కూడా మన పెరట్లోదే అయితే బాగుంటుంది కదా అనిపిస్తుంది. మంచి ఆలోచనే, తప్పకుండా చేయండి. కానీ చిన్నప్పుడు ఊళ్లో నాటుకోళ్లని చూసిన అనుభవాన్ని నమ్ముకుని దిగకండి. టర్కీ అంటే పెద్ద కోడి కాదు. దాన్ని పెంచే తీరు వేరు, వచ్చే జబ్బులు వేరు, వండే పద్ధతీ వేరే.

ముందుగా మీ కౌంటీ రూల్స్, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే వాళ్ల రూల్స్ కనుక్కోండి. కోళ్లకి ఒప్పుకున్న చోట టర్కీకి ఒప్పుకోకపోవచ్చు.

తర్వాత లెక్క చూసుకోవాలి. మార్కెట్లో ఎక్కువగా దొరికే తెల్ల బ్రాడ్ బ్రెస్టెడ్ రకం పెట్టలు 14 నుంచి 16 వారాల్లో, పుంజులు ఇంకో రెండు మూడు వారాల్లో కోతకొస్తాయి. నర్రగన్సెట్, బోర్బన్ రెడ్ లాంటి పాతకాలపు రకాలకి ఆరు నెలలు పైనే కావాలి. ముద్దుగా ఉన్నాయని ఏప్రిల్‌లో తెల్ల రకం పిల్లల్ని తెచ్చేస్తే నవంబర్‌కి పుంజు మీ ఓవెన్‌లో పట్టదు, పైగా ఆ బరువుకి కాళ్లు దెబ్బతింటాయి. ఆ రకమైతే జులైలో తెచ్చుకుంటే సరిపోతుంది.

పిల్లలు బతికి బట్టకట్టడం మొదటి వారంలోనే తేలిపోతుంది. పక్కనే నీళ్లూ దాణా ఉన్నా, తాగడం తినడం తెలియక చచ్చిపోయే పిల్లలుంటాయి. తెచ్చిన రోజే ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు కొన మాత్రం నీళ్లలో ముంచండి. అది తల పైకెత్తి గుటక వేసేదాకా చూసి వదలండి. నీళ్ల గిన్నెలో నాలుగు రంగు గోళీలు వేస్తే మెరుపు చూసి పొడవడానికి వస్తాయి, అలా తాగడం అలవాటవుతుంది. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. కింద న్యూస్‌పేపర్ వేయకండి, జారి కాళ్లు విడిపోతాయి. చెక్క తురుము వేయండి. చలేసినా బెదిరినా అన్నీ ఒక మూలకి చేరి, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. అందుకే అట్టముక్కలు వంచి పెట్టి మూలలు లేకుండా గుండ్రంగా చేయండి. హీట్ ల్యాంప్‌ని క్లిప్పు మీద వదిలేయకుండా గొలుసుతో కట్టండి. అది ఊడి తురుము మీద పడిందంటే షెడ్డంతా అంటుకుంటుంది.

దాణా టర్కీల కోసం చేసిందే కొనండి. వీటికి మొదట్లో 28 శాతం ప్రోటీన్ కావాలి, కోడిపిల్లల దాణాలో అంత ఉండదు. కోళ్ల దాణాలో కలిపే మందుల్లో సాలినోమైసిన్ లాంటివి టర్కీకి విషం. బస్తా మీద లేబుల్ చదవకుండా పోయకండి. ఐదేళ్లలోపు పిల్లల్ని వీటిని పట్టుకోనివ్వకండి, పెద్దవాళ్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి; సాల్మొనెల్లా అనే క్రిమి ఆరోగ్యంగా కనిపించే పక్షి దగ్గర్నుంచి కూడా అంటుకుంటుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట: కోళ్లతో కలిపి పెంచకండి. బ్లాక్‌హెడ్ అనే జబ్బుని కలిగించే సూక్ష్మజీవి కోళ్ల పేగుల్లో ఉండే ఒక పురుగు గుడ్లలో దాక్కుంటుంది. కోడి మామూలుగా తిరుగుతూనే ఉంటుంది, దాని రెట్టతో ఆ గుడ్లు నేలలో కలుస్తాయి, ఏళ్ల తరబడి బతుకుతాయి. వానపాము ఆ మట్టి తింటుంది, వానపాముని టర్కీ తింటుంది. కొన్నాళ్లకు టర్కీ రెక్కలు వాల్చి మూల నిలబడుతుంది, రెట్ట గంధకం రంగులో పసుపుపచ్చగా పడుతుంది. అప్పటికే కాలేయం పాడై ఉంటుంది. అమెరికాలో దీనికి అనుమతి ఉన్న మందు ఇప్పుడు లేదు. చివరగా మిగిలిన నైటార్సోన్‌ని 2015 ఆఖరులో ఆపేశారు. కాబట్టి కోళ్లు తిరిగిన నేల మీద టర్కీల్ని వదలకండి. బూట్లు వేరుగా పెట్టుకోండి. పొద్దున్నే ముందు టర్కీలకి మేత వేసి, ఆ తర్వాతే కోళ్ల దగ్గరికి వెళ్లండి. స్థలం చాలకపోతే ఆ ఏడాది టర్కీలు మానేయడమే మంచిది, ఈ విషయంలో నేను రాజీ పడను.

శరదృతువులో బర్డ్ ఫ్లూ భయం కూడా ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో ఇండియానాలోని ఒక టర్కీ ఫారంలో బయటపడ్డ దగ్గర్నుంచి ఇది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. వలస బాతులు, కొంగలు ఎగిరే కాలమూ మన పండగ కాలమూ ఒకటే. మేత, నీళ్లు పైకప్పు కింద పెట్టండి, చెరువు నీళ్లు పెట్టకండి. పక్షులు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే రాష్ట్ర పశువైద్యాధికారి ఆఫీసుకి ఫోన్ చేయండి. ఊళ్లో తూగుతున్న కోడిని చచ్చేలోపే కోసి కూర వండటం చాలామంది చూసే ఉంటారు. ఇక్కడ ఆ పని అస్సలు వద్దు.

కోయించాలనుకుంటే ప్రాసెసింగ్ చేసేవాళ్ల దగ్గర వేసవిలోనే తేదీ తీసుకోండి. సొంతంగా కోసేవాళ్లు ముందు రాత్రి నుంచి దాణా ఆపి, నీళ్లు మాత్రం ఉంచాలి. 145 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్లలో ఒక నిమిషం ముంచితే ఈకలు సులువుగా వస్తాయి. శుభ్రం చేయగానే కూలర్‌లో ఐస్ నీళ్లలో వేసి, మాంసం లోపల 40 డిగ్రీలకి వచ్చేదాకా ఐస్ వేస్తూనే ఉండండి. ఎనిమిది గంటలు దాటకూడదు. మీ ఇంట్లోవాళ్లకి, అతిథులకి పెట్టుకోవచ్చు గానీ అమ్మాలంటే చట్టం వేరు.

నాటుకోడిని పొద్దున కోసి మధ్యాహ్నానికి పులుసు పెట్టేస్తాం. టర్కీని అలా ఓవెన్‌లో పెడితే రబ్బరే. కండ బిగిసి మళ్లీ సడలడానికి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉండాలి. అంటే గురువారం పండక్కి ఆదివారమో సోమవారమో కోత అయిపోవాలి. షాపులో కొనే చాలా టర్కీలకి ఉప్పునీళ్లు ఎక్కించి ఉంటారు, మనదానికి ఉండదు. అందుకే ఆ ఫ్రిజ్ రోజుల్లోనే ఒళ్లంతా ఉప్పు పట్టించి పెడితే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. ముందే కోసి ఫ్రీజర్‌లో పెట్టినవాళ్లు నాలుగైదు పౌండ్లకి ఒక రోజు చొప్పున ఫ్రిజ్‌లోనే కరిగించుకోవాలి; 15 పౌండ్లదానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. కౌంటర్ మీద పెట్టి కరిగించొద్దు.

వండే రోజున సింక్‌లో పసుపూ ఉప్పూ వేసి కడగాలని అమ్మో అత్తగారో పట్టుబడతారు. కోసిన రోజే బయట కుళాయి దగ్గర కడిగేశాం అని నచ్చజెప్పండి. సింక్‌లో కడిగితే తుంపర్లు పడి, పక్కనే ఉన్న కొత్తిమీర మీదికి, సలాడ్ మీదికి క్రిములు చేరతాయి.

ఓవెన్ 325 డిగ్రీలకి తగ్గకూడదు. మనదానికి షాపు టర్కీకి ఉండే, ఉడకగానే పైకి లేచే పాప్-అప్ టైమర్ ఉండదు కాబట్టి మంచి థర్మామీటర్ కొనండి. రొమ్ము మధ్యలో, తొడ లోపలి వైపు, రెక్క మొదట్లో, మూడు చోట్లా ఎముకకి తగలకుండా గుచ్చి చూడండి. అన్నిచోట్లా 165 చూపించాలి. రంగు చూసి ఉడికిందని అనుకోవద్దు, పూర్తిగా ఉడికిన మాంసం కూడా ఎముక దగ్గర గులాబీ రంగులో ఉండొచ్చు. పాతకాలపు రకాలు తొందరగా అయిపోతాయి. అనుకున్న టైముకి గంట ముందు నుంచే చూస్తూ ఉండండి. పెరుగు మసాలా పట్టించినవాళ్లు పైన ఫాయిల్ కప్పండి, లేకపోతే లోపల ఉడికేలోపు పైన మాడుతుంది. టర్కీ పొట్టలో కూరే స్టఫింగ్‌ని విడిగా వండుకోండి.

నూనెలో వేయించాలనుకుంటే ఇంటికి దూరంగా, చదునైన నేల మీదే. గరాజ్‌లో వద్దు, డెక్ మీద వద్దు. ముందు రోజు నీళ్లు పోసి టర్కీని ముంచి ఎంత నూనె పడుతుందో గుర్తు పెట్టుకోండి. మాంసం లోపల ఐస్ ఉన్నా, తడి ఉన్నా నూనె పొంగి మంట మీద పడుతుంది. అమెరికాలో ఏడాది మొత్తంలో వంట వల్ల ఇళ్లు ఎక్కువగా అంటుకునేది ఈ పండగ రోజే.

తిన్నాక మిగిలింది రెండు గంటల్లోపు ఎముకల నుంచి తీసి, చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేయండి. కబుర్లలో పడి రాత్రంతా స్టవ్ మీద వదిలేస్తే పారేయడమే. ఫ్రిజ్‌లో పెట్టినదాన్ని ఆదివారానికల్లా తినేయండి, లేదా ఫ్రీజ్ చేయండి.