మీ కష్టాన్ని బ్రాండ్ కథలో ఎలా చెప్పాలి?

కాగితం, పెన్ను, ఒక అరగంట చాలు. పడ్డ కష్టమంతా ఒక్క ఊపులో రాసి, రెండు రోజులు పక్కన పెట్టండి. మళ్లీ చదివినప్పుడు ఇంకా గొంతు పూడుకుపోతుంటే ఆ కథ ఇప్పుడే బయటపెట్టకండి. కామెంట్లలో ఎవరో ఒకరు తేలిగ్గా మాట్లాడతారు, ఆ టెన్షన్ మోయాల్సింది మీరే. చదవగలిగితే, అందులోంచి ఒక్క సంఘటన తీసుకోండి. రెండోది వద్దు.

ఇప్పుడు ఆ సంఘటనకీ మీ వ్యాపారానికీ ముడి వేయాలి. చాలామంది ఇక్కడే పాడుచేస్తారు. ఒక పేరా ఏడుపు, ఆ వెంటనే "అందుకే మా సబ్బు కొనండి". చదివేవాళ్లకి ఒళ్లు మండదా? ఆ కష్టం వల్ల మీరు ఏ నిర్ణయం తీసుకున్నారో చెప్పండి.

స్టార్‌బక్స్‌ను పెద్ద కాఫీ షాపుల సంస్థగా మలిచిన హోవార్డ్ షుల్జ్ తన తండ్రి గురించి చెబుతుంటారు. 1961లో, షుల్జ్‌కు ఏడేళ్లప్పుడు, డెలివరీ పనిలో ఉన్న ఆయన మంచు మీద జారిపడి గాయపడ్డారు. ఆరోగ్య బీమా లేదు. స్టార్‌బక్స్ 1988లో పార్ట్‌టైమ్ ఉద్యోగులకు కూడా ఆరోగ్య బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ బీమా ఉంది కాబట్టే తండ్రి కథ చెప్పే హక్కు ఆయనకు వచ్చిందని నా నమ్మకం.

ముడి బిగిసిందో లేదో తేల్చుకోవాలంటే, కష్టం గురించిన వాక్యాలన్నీ కొట్టేసి మిగతాది చదవండి. మీ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో అర్థం కాకుండా పోతే ముడి సరిగ్గా పడినట్టే. ఏమీ తేడా రాకపోతే ఆ కష్టం మీ సొంతం, బ్రాండ్‌కి దాంతో పనిలేదు. ముందు ఏడిపిస్తే తర్వాత అదే అమ్ముడుపోతుందని చెప్పేవాళ్లున్నారు. జాలిపడి కొన్నవాళ్లు రెండోసారి రావడం నేను చూడలేదు.

కథలో ఇంకెవరైనా ఉంటే అనుమతి అడగండి, రాసింది చదివి వినిపించి మరీ అడగండి. నేను కథ రాసిచ్చిన ఒకావిడ, నేను వద్దన్నా వాళ్లన్నయ్య తాగుడు సంగతి ఆయనకు చెప్పకుండానే కలిపేసింది. పోస్టు తీసేసేలోపే స్క్రీన్‌షాట్లు చుట్టాలందరికీ చేరాయి. ఆయన ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు.

అప్పు మొత్తాన్ని పెంచి రాయకండి. ఏడుపు సంగీతం పెట్టకండి. కథ కింద ధర, ఆఫర్ అసలే వద్దు. అవి మర్నాడు వేరే పోస్టులో పెట్టుకోండి.