లోపలున్న మనిషికి మందు అందాలంటే

విశాఖ సెంట్రల్ జైలు హనుమంతవాక నుంచి అడవివరం వెళ్లే రోడ్డులో ఉంది. నాకు ఆరిలోవలో మందుల షాపు. ఖైదీలని చూసే ములాఖత్‌కి వెళ్లేవాళ్లు దారిలో ఆగి, కాగితం పొట్లంలో విడి మాత్రలు చూపించి, "అన్నయ్యా, మా ఆయనకి సుగరుంది, ఇవి లోపలికి ఎలాగ పంపాల?" అని అడుగుతుంటారు. ఆ పొట్లం గేటు దాటదు. దాటనివ్వకపోవడం తప్పని నేనూ అనను. పేరు లేని మాత్రని ఏ డాక్టరు ఒప్పుకుంటాడు?

మందులు పంపడం కంటే జబ్బు సంగతి రికార్డులోకి ఎక్కించడం ముఖ్యం. అది అరెస్టైన రోజే మొదలుపెట్టాలి. అరెస్టైన మనిషిని డాక్టరు పరీక్షించాలని, ఆ రిపోర్టు కాపీ అతనికో, అతను చెప్పినవాళ్లకో ఇవ్వాలని అరెస్టు, విచారణ పద్ధతుల కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 53వ సెక్షన్ చెబుతోంది. అక్కడ దెబ్బలు మాత్రమే చూపించి ఊరుకోవద్దు. బీపీ, సుగర్, ఫిట్స్, ఆపరేషన్లు, రోజూ వేసుకునే మందులు, అన్నీ చెప్పాలి. తర్వాత రిమాండ్‌కి మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. జబ్బుందనీ, జైల్లో వైద్యం ఇప్పించమనీ వకీలు అక్కడే అడిగితే ఆర్డర్లో ఆ మాట రాయించుకోవచ్చు. మూడు వారాల తర్వాత పెట్టే అర్జీ కంటే ఆర్డర్లో పడిన ఆ ఒక్క వాక్యానికి బలం ఎక్కువ. వకీలుకి డబ్బుల్లేవని ఆగిపోకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత వకీలుని ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలో ఉంది. 15100కి ఫోన్ చేయొచ్చు, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకి నేరుగా వెళ్లొచ్చు.

ఇక మందుల కాగితం. ఒక తెల్లకాగితం మీద రోగి పేరు, వయసు, జబ్బు, మందు పేరు, ఎన్ని ఎంజీ, రోజుకెన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడో రాయండి. బ్రాండ్ పేరొక్కటే రాస్తే చాలదు, స్ట్రిప్ మీద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కూడా కావాలి. చదవడం రాకపోతే దగ్గర్లో ఏ షాపులో అడిగినా రాసిస్తారు. డాక్టరు చీటీ జిరాక్సు జత చేయండి, ఒరిజినల్ ఇంట్లోనే ఉంచండి. మందులు పంపాల్సి వస్తే చింపని స్ట్రిప్పులు, బిల్లుతో సహా పంపండి. జైలు డాక్టరు చూసి సరేనన్నాకే అవి లోపలికి వెళ్తాయి.

అన్ని మందులూ ఒకటి కాదు. ఒక పూట బీ కాంప్లెక్స్ మానితే ఏమీ కాదు. ఫిట్స్ మాత్ర ఠక్కున ఆగితే మాత్రం ఫిట్స్ రావచ్చు. ఇన్సులిన్, ఉబ్బసం పఫ్, టీబీ మందులు, హెచ్ఐవీ మందులు, మానసిక వైద్యం మాత్రలు కూడా మధ్యలో ఆగకూడదు. వీటి కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఇవ్వండి.

అందరూ దాచిపెట్టేది తాగుడు అలవాటు. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే ఆరు గంటల నుంచి ఒకరోజు లోపు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనిపించడం, పిచ్చిగా మాట్లాడటం మొదలైతే అది ప్రాణం మీదకొచ్చిన స్థితి. చూసేవాళ్లు నాటకమనో, పొగరనో అనుకుంటారు. సరిగ్గా ఇవే జైల్లో మొదటి రోజులు. పరువు పోతుందని భార్య చెప్పదు, కేసు బిగుసుకుంటుందేమోనని అన్నదమ్ములు చెప్పరు. చెప్పండమ్మా. ఎంత తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో ఆ కాగితంలో రాయండి. దీనికి వైద్యం ఉంది, తెలిస్తేనే చేస్తారు.

జైలుకి వచ్చిన ప్రతి ఖైదీని వీలైనంత త్వరగా పరీక్షించి, ఆరోగ్యం ఎలా ఉందో, ఒంటి మీద గాయాలు, మచ్చలు ఏమున్నాయో పుస్తకంలో రాయాలని 1894 ప్రిజన్స్ చట్టమే చెబుతోంది. డాక్టర్ని చూడాలని ఖైదీ అడిగితే ఆలస్యం చేయకుండా ఆ సంగతి వైద్య సిబ్బందికి చేరవేయాలి. బయట జనానికి అందే స్థాయి వైద్యమే ఖైదీకీ ఉచితంగా అందాలనీ, వైద్యం విషయంలో డాక్టరు మాటని జైలు సిబ్బంది కాదనకూడదనీ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు అంటున్నాయి. జైళ్లు ఎలా నడపాలో కేంద్రం నమూనాగా ఇచ్చిన 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ లెక్క 300 మంది ఖైదీలకి ఒక డాక్టరు. లెక్కకీ వాస్తవానికీ దూరం దేశమంతా ఉంది, అందుకే ఇంత రాత పని.

ములాఖత్‌లో "బాగున్నావా" అంటే "బాగున్నాను" అనే అంటాడు. అలా కాకుండా సుగర్ ఎప్పుడు చూశారు, ఎంతొచ్చింది, ఏ రంగు మాత్ర ఇస్తున్నారు, రాత్రి పూట ఇస్తున్నారా, పుండు ఎండిందా అని అడగండి. బయటికి రాగానే తేదీ వేసి రాసుకోండి.

మందు అందడం లేదని తేలితే సూపరింటెండెంట్ పేరున అర్జీ రాయండి. ఖైదీ నంబరు, జబ్బు, ఏం కావాలో రాస్తే చాలు. తిట్లూ వద్దు, కన్నీళ్లూ వద్దు. కాపీ మీద ముద్ర వేయించుకోండి, ఒకటి న్యాయసేవాధికార సంస్థకి ఇవ్వండి. కదలకపోతే వకీలు ద్వారా కోర్టులో పిటిషన్ వేసి వైద్య రిపోర్టు తెప్పించమని అడగొచ్చు. పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి పంపమని డాక్టరు రాసినా ఎస్కార్టు పోలీసులు దొరక్క తేదీ తప్పిపోతుంటే, పిటిషన్లో ఆ తేదీలే రాయండి. సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. ప్రాణానికి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి, దరఖాస్తు పైన ఆ సంగతి స్పష్టంగా రాయాలి. జబ్బు తీవ్రమైతే బెయిల్ కోసం బీఎన్ఎస్ఎస్ 480వ సెక్షన్లో జబ్బున్నవాళ్లకి బెయిల్ ఇవ్వొచ్చని ఉన్న మాటని వకీలుకి గుర్తు చేయండి.

ఆడవాళ్ల విషయానికి వస్తే, తల్లితో పాటు ఆరేళ్ల లోపు పిల్లలు లోపల ఉండొచ్చు. ఆర్.డి.ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆ పిల్లల తిండికీ, వైద్యానికీ, టీకాలకీ నియమాలు పెట్టింది. టీకా కార్డు ఇంట్లో ఉంటే వెంటనే పంపించండి.

విడుదలైన రోజు హడావుడిలో మరిచిపోయేది లోపల ఏ మందులు వాడారన్న చీటీ. అది అడిగి తీసుకోండి. ముఖ్యంగా టీబీ మందులు సగంలో ఉన్నవాళ్లు ఆ చీటీతో మర్నాడే దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. అక్కడ మందులు ఉచితం, నా షాపుకి రానక్కర్లేదు.