అరుణాచలం కార్తిక దీపానికి బయల్దేరే ముందు

ముందు తేదీ చూసుకోండి. మన కార్తిక పౌర్ణమి రోజే అక్కడా దీపం అనుకుని టికెట్లు తీసేసేవాళ్లు ఉన్నారు. తమిళుల కార్తిక నెల సౌరమానం, అంటే సూర్యుడి గమనాన్ని బట్టి లెక్కించేది; అందులో కృత్తికా నక్షత్రం రోజున దీపం. 2025లో మన పౌర్ణమి నవంబరు 5న వస్తే, తిరువణ్ణామలైలో (అరుణాచలం ఊరి తమిళ పేరు) మహాదీపం డిసెంబరు 3న వెలిగింది.

- గది ఖాయమయ్యాకే ప్రయాణం.
- గిరిప్రదక్షిణ సుమారు 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. ముందు వారం నుంచే కాస్త నడవండి. షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడగందే వట్టి కాళ్లతో నడవొద్దు.
- అది వానల కాలం. గొడుగు కాదు, రెయిన్‌కోట్ పెట్టుకోండి. రద్దీలో గొడుగు పుల్లలు పక్కవాళ్ల కళ్లలో గుచ్చుకుంటాయి.
- పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ.
- అనుమతి లేకుండా కొండ ఎక్కొద్దు. 2024 డిసెంబరులో కొండచరియలు విరిగి కింద ఉన్న ఇళ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు, అందులో ఐదుగురు పిల్లలే.
- సాయంత్రం 6కి గుడిలోనే ఉండాలని తోసుకోకండి. దీపం కొండ కొన మీద వెలుగుతుంది, ఊళ్లోంచీ కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు వెలుగుతూనే ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రద్దీ తగ్గాక వెళ్లడమే మంచిది.