చింతపిక్కల జిగురు: పొట్టు దగ్గరే ఉంది కిటుకంతా

చిన్నప్పుడు పచ్చీసు ఆడ్డానికి చింతపిక్కని గచ్చుమీద అరగదీసేవాళ్లం గుర్తుందా, పైన ముదురు గోధుమరంగు పోయి లోపల తెల్లగా వచ్చేది. ఆ రెండూ పూర్తిగా వేరే సరుకులు. ఇది పట్టించుకోకుండా నేను ఫస్ట్ టైమ్ పొట్టుతో సహా మిక్సీలో వేసేశా, మిక్సీ మూలిగింది, జిగురేమో డికాషన్ రంగులో వచ్చి తెల్ల కాగితం మీద మరకలు పెట్టేసింది.

ఆ మరక టానిన్లది, కరక్కాయలో ఉండే వగరే ఇదీ. డౌటుంటే పొట్టుని నీళ్లలో మరిగించి వడగట్టి, తుప్పు మేకులు రెండ్రోజులు నానిన వెనిగర్ నాలుగు చుక్కలు వేసి చూడండి, నల్లసిరాలా మారిపోద్ది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డకి ఇనప నీళ్లతో నలుపు రావడం కూడా ఇదే లెక్క.

లోపలి పప్పులో ప్రోటీన్ సుమారు 15-20 శాతం, నూనె ఓ 6-8 శాతం, సగానికి పైగా జైలోగ్లూకాన్. అంటే గ్లూకోజ్ గొలుసుకి జైలోజ్, గాలక్టోజ్ కొమ్మలు అతుక్కుని ఉంటాయన్నమాట, నీళ్లని పట్టి ఉంచి చిక్కబడేది ఇదే, మనక్కావాల్సిందీ ఇదే.

సరే పని చూద్దాం. బాండీలో ఇసుక వేడిచేసి పిక్కలు సన్నమంట మీద వేయించండి, చిటపటలాడి పొట్టు పగుళ్లిచ్చాక దించేయాలి, మాడితే పప్పుకీ రంగు పట్టేస్తుంది. చల్లారాక రోట్లో మెల్లగా దంచి చేటతో చెరగండి. పప్పు రాయిలా ఉంటుంది కాబట్టి రాత్రంతా నానబెట్టి పొద్దున రుబ్బి, ముందు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి అప్పుడు పొయ్యి మీద పెట్టండి. చన్నీళ్లలో జైలోగ్లూకాన్ సరిగ్గా కరగదు, అందుకే అరగంట దాకా కలుపుతూ ఉడకనివ్వాలి. గరిటె ఎత్తితే తీగలా జారిందా, అయిపోయినట్టే, పల్చటి గుడ్డలో వడగట్టుకోండి.

కాగితాలకి, అట్టలకి ఇలాగే వాడొచ్చు. బొమ్మలకైతే చిక్కగా ఉంచి రంపపు పొట్టు కలిపి పిసకండి, కొండపల్లి బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికే మక్కు అదే, చేర్యాల మాస్కులకీ ఇలాంటి ముద్దే.

ఒక్కటే తలనొప్పి, బయటుంటే రెండ్రోజులకే పులిసి కంపు కొడుతుంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాళ్లున్నారు గానీ అది విషం, ఇంట్లో పిల్లలుంటే దాని జోలికి పోకండి, ఏ రోజుకారోజు కాసింత చేసుకుని మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టేయండి.