మై హీరో అకాడెమియా సీజన్లకి ర్యాంకులు వెయ్యడం ఎలా

మై హీరో అకాడెమియా అంటే అతీత శక్తులున్న పిల్లలు హీరోలవడానికి ఒక బడిలో చదువుకునే జపాన్ అనిమే (బొమ్మల సీరియల్). దాని ఎనిమిది సీజన్లూ చూసేసినవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంకా మధ్యలో ఉన్నవాళ్ళు పూర్తి చేసుకుని రండి, కథలో గుట్లన్నీ ఇక్కడ బయటపడిపోతాయి.

పర్లాకిమిడిలో మా జెరాక్స్ కొట్టు దగ్గర సాయంత్రమైతే కాలేజీ గుంటలు చేరతారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, అనిమే మాత్రం జపనీసు మాటలతో, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూసే బ్యాచ్ మాది. ఏ సీజన్ గొప్పదని అడిగితే ఒక్కడూ సీజన్ సంగతి చెప్పడు, ఫైటు సంగతి చెప్తాడు. "మూడోదే అప్పా, ఆల్ మైట్ ఆఖరి గుద్దు మర్చిపోయేవా ఏటి?" అంటాడు. ఆల్ మైట్ అంటే అందులో నంబర్ వన్ హీరో, ఆ గుద్దంటే నాకూ ప్రాణమే. కానీ అది ఒక్క ఎపిసోడు, మొదట్నుంచీ లెక్కేస్తే 49వది. ఆ సీజన్‌లో ఉన్నవి 25. మిగతా 24 ఎలా నడిచాయో చూసి వేసేదే సీజన్ ర్యాంకు.

ముందు లెక్క తేల్చుకోండి. 2016 ఏప్రిల్లో మొదలై 2025 డిసెంబరులో అయిపోయింది, మొత్తం 170 ఎపిసోడ్లు. మొదటి సీజన్ 13, రెండు నుంచి ఆరు దాకా తలా 25, ఏడోది 21, ఆఖరిది 11. సినిమాలు, రీక్యాప్‌లు పక్కన పెట్టెయ్యండి. ఇందులో సీజన్ల హద్దులు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి పేచీ లేదు. అదే ఎటాక్ ఆన్ టైటన్ అనే ఇంకో అనిమేకి వెయ్యాలనుకోండి, దాని ఫైనల్ సీజన్ 2020 చివర్లో మొదలై విడతలు విడతలుగా 2023 దాకా వచ్చింది. అదంతా ఒక సీజనా, విడివిడిగానా అన్నది మొదలెట్టకముందే ఒప్పందం చేసుకోవాలి.

ఇప్పుడు ఎనిమిది చీటీలు చింపి సీజన్ నంబర్లు రాయండి. అన్నిటినీ ఒకేసారి వరస పెట్టాలని చూస్తే బుర్ర తిరుగుతుంది. రెండేసి తియ్యండి. "ఈ రెండిట్లో ఏదీ స్కిప్ చెయ్యకుండా మొదట్నుంచీ మళ్ళీ చూసేది ఏది?" అని అడగండి. నెగ్గింది పైన. మూడో చీటీ తీసి అడుగునున్న దానితో పోల్చండి, నెగ్గితే ఒక మెట్టు ఎక్కించండి, ఓడేదాకా ఎక్కిస్తూ పొండి.

ఎటూ తేలకపోతే సీజన్ నడిమధ్య నుంచి ఎవరూ గొప్పగా చెప్పుకోని ఎపిసోడు ఒకటి పెట్టుకోండి. గుణుపురంలో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు రైల్లో చేసేది ఇదే. దారిలో సిగ్నల్ ఉండదు కాబట్టి ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఇల్లు చేరేలోపు రెండు చూసేస్తాడు. క్లైమాక్సులు ముట్టుకోడు.

ఈ పద్ధతిలోనే నాకు రెండోది మూడోదాన్ని దాటింది. 23వ ఎపిసోడు, బడి ఆటల పోటీల్లో కథానాయకుడు మిడోరియాకీ వాడి క్లాస్‌మేట్ తొదొరొకికీ పోటీ. మంచు గోడలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే మిడోరియా విరిగిన వేళ్ళనే మళ్ళీ విదిలిస్తాడు. అంత నొప్పిలోనూ అవతలివాడి ఒళ్ళు చలికి వణుకుతోందని కనిపెడతాడు. మంచు వాడేకొద్దీ తొదొరొకి ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఎడమవైపు నిప్పు ఉంది, వాడితే ఆ వణుకు తగ్గుతుంది. కానీ అది తండ్రి నుంచి వచ్చింది కాబట్టి వాడనని పంతం. "అది నీ శక్తి" అని మిడోరియా గొంతు చించుకుని అరిచాకే మంట లేస్తుంది. బొమ్మకి బొమ్మా గొప్పే, యుటాకా నకమురా లాంటి యానిమేటర్ గీసిన కదలికలున్నాయి. నాకు అంతకన్నా విలువైనది ఆ తర్వాత జరిగేది. ఇది ఫైనల్ కాదు. ఫైనల్లో ఇంకో క్లాస్‌మేట్ బకుగో ఎదురుగా ఉండగా తొదొరొకి మంట రాజేసి, చివరి క్షణంలో ఆర్పేస్తాడు. గెలిచిన బకుగో ఆ గెలుపు నాకొద్దని రెచ్చిపోతే గొలుసులతో కట్టి మెడల్ వెయ్యాల్సొస్తుంది. ఒక ఫైటు పండించింది ఇంకో ఫైటులోకి వచ్చింది. తర్వాత హీరోల్ని చంపే స్టెయిన్ కథలోకీ తొదొరొకి అదే మార్పుతో నడుస్తాడు. మూడోదాంట్లో ఆల్ మైట్ ఘట్టం దాటాక హీరో లైసెన్సు పరీక్ష ఎపిసోడ్లు సాగుతాయి. రాత్రిపూట బకుగో, మిడోరియా కొట్టుకునేదాకా సీజన్ మళ్ళీ లేవదు.

రెండో నియమం: కథకి మార్కులు వేరు, దాన్ని తెరకెక్కించిన తీరుకి వేరు. ఐదో సీజన్ దగ్గర ఇది లేకపోతే ర్యాంకు తప్పుతుంది. రచయిత హొరికొషి మాంగాలో (అనిమేకి మూలమైన బొమ్మల పుస్తకంలో) విలన్ల కథ ముందొస్తుంది, తొదొరొకి తండ్రి ఎండెవర్ దగ్గర పిల్లల శిక్షణ తర్వాత. అనిమేలో తిరగేశారు. పైగా ఎ, బి క్లాసుల పోటీకి అన్నన్ని ఎపిసోడ్లిచ్చి, ఇరవైకి పైగా చాప్టర్లున్న విలన్ల కథని అయిదారింటిలో కుక్కేశారు. విలన్ల నాయకుడు షిగారాకి చిన్నతనంలో తన చేతులతోనే ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న ఘట్టం ఈ సిరీస్ మొత్తానికి పునాది. దానికి ముందు మనుషులతో పరిచయం పెరగడానికి టైమివ్వలేదు. అందుకే ఆ కథకి నా దగ్గర నిండా మార్కులు, సీజన్‌కి ఎనిమిదో ర్యాంకు. ఈ రెండూ ఒకేసారి నిజమే. కింద ర్యాంకు వచ్చిందని దాన్ని దాటేసి ఆరోదానికి వెళ్ళమని మాత్రం ఎవరికీ చెప్పకండి, ఆరో సీజన్ యుద్ధం అర్థం కాదు.

నా పట్టికలో మొదటిది ఆరోదే. యుద్ధం, విలన్ దాబీ తానెవరో బయటపెట్టడం సగంలోనే అయిపోతాయి. అక్కడితో చల్లారిపోవాల్సిన సీజన్, జనం హీరోల మీద నమ్మకం పోగొట్టుకోవడాన్ని చూపిస్తూ ఇంకా గట్టిపడుతుంది. ఒళ్ళంతా మట్టితో, నిద్రలేకుండా తిరిగే మిడోరియాని క్లాసు పిల్లలు వెనక్కి తెచ్చుకుంటే, వాడికి బడిలో చోటివ్వమని క్లాస్‌మేట్ ఉరరాకా మైకులో జనాన్ని వేడుకుంటుంది. గుద్దులాట లేని ఆ ఎపిసోడే నాకు సీజన్‌కి శిఖరం.

తర్వాత రెండు, మూడు, ఎనిమిది. ఎనిమిదోది చిన్నది, వృథా లేదు. శక్తి పోయిన ఆల్ మైట్ ఇనప కవచం తొడుక్కుని పెద్ద విలన్ ఆల్ ఫర్ వన్‌కి అడ్డం నిలబడ్డ ధైర్యానికే ఆ చోటు దక్కుతుంది. మొదటిది ఏడో చోట, పరిచయాలకే సరిపోయింది.

నాలుగుకీ ఏడుకీ మాత్రం పిన్ని కొడుక్కీ నాకూ పడలేదు. ఇలాంటప్పుడు మా దగ్గర ఒక రూలుంది. ఓడిపోతున్న సీజన్ పక్షం వహించినవాడు ఒక్క ఎపిసోడు చూపించొచ్చు, పెద్ద ఫైటున్నది కాకూడదు. వాడు నాలుగోదాంట్లోంచి బడి పండగ, 86వది పెట్టాడు. నవ్వడం రాక ఆస్పత్రిలో వేళ్ళతో బుగ్గలు సాగదీసుకున్న చిన్నపిల్ల ఎరి, అక్కడ పాట వింటూ తనని కాపాడిన మిరియో పక్కన తనంతట తాను నవ్వేస్తుంది. ఆ నవ్వు కోసం ముందు ఇరవై ఎపిసోడ్ల నుంచి సీజన్ దారి వేస్తూ వచ్చింది. ఏడోదాంట్లో ఆకాశంలో అమెరికా హీరో స్టార్ అండ్ స్ట్రైప్ పోరాటం అద్భుతమే, క్లాస్‌మేట్ అయొయామా గుట్టు ఏడిపిస్తుంది, కానీ యుద్ధం సగంలో ఉండగా సీజన్ ఆగిపోతుంది. నాలుగో చీటీ తీసి ఏడోదాని పైన పెట్టాను.